కడిగిన ద్రాక్ష

స్పెయిన్‌లో మేమున్న ఊరి పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా పలకదు. కళ్ళు మూసుకుంటే మాత్రం ఊరంతా కనిపిస్తుంది. సున్నం కొట్టిన గోడలు, గోడల అడుగున నీలం పట్టీ, వీధి పొడుగునా నేలలో బిగించిన ఇనుప జాలీలు. ఆ జాలీల కింద మరో ఊరు ఉంది. అందులో మనుషులుండరు, మట్టి బానలుంటాయి. పై ఊరు ఎండలో మండుతుంటే కింది ఊరు చల్లగా నిద్రపోతూ ఉంటుంది.

సంచౌంగ్ నుంచి

ఇనెస్ అనే స్పెయిన్ అమ్మాయి యాంగాన్‌లో, అంటే పాత రంగూన్‌లో, సంచౌంగ్ పేటలోని మా మేడ మీద గదిలో చాలా ఏళ్ళు అద్దెకుంది. పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం. భోజనం మా ఇంట్లోనే. యాభై దాటాక నేను ఆదివారం బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకుంటున్న రోజుల్లోనే ఆమె బర్మా అక్షరాలు దిద్దుకునేది. కరెంటు పోయిన సాయంత్రాల్లో ఒకే బల్ల మీద, ఒకే కొవ్వొత్తి దగ్గర ఇద్దరం రాసుకునేవాళ్ళం. ఆమెవీ గుండ్రటి అక్షరాలే, నావీ గుండ్రటి అక్షరాలే. ఒకరి రాత ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళం.

తరవాత ఆమె తన దేశం వెళ్ళిపోయింది. తండ్రి ద్రాక్షతోట పీకించి భూమిని పిస్తా తోటకు కౌలుకివ్వబోతున్నాడని తెలిసి వెళ్ళింది. తోట తను చేస్తానంటే ఆయన నమ్మలేదు. రెండేళ్ళు చేస్తావు, విసుగొచ్చి మళ్ళీ విమానం ఎక్కుతావు అన్నాడట. వాదించి వాదించి చివరికి ఒక పందెం దగ్గర ఇద్దరూ ఆగారు. ఇసుక నేలలో ఉన్న పాత మడి ఒక్కటీ ఈ ఏడు ఆమెకు వదిలేస్తాడు. తాత చేసినట్టే మట్టి బానలో, అంగడి నుంచి ఈస్ట్ పొడి ఏదీ తెచ్చి కలపకుండా ఆమె వైన్ పులియబెట్టాలి. బాన తనంతట తాను పొంగితే తోట ఉంటుంది. పొంగకపోతే చలికాలంలో చెట్లు పీకే యంత్రం వస్తుంది.

కోతల వేళకు వచ్చి నాలుగు రోజులు వంట చేసిపెట్టమని, తోడుగా ఒకరిని తెచ్చుకోమని ఇనెస్ టిక్కెట్లు పంపింది. నేను మా వదినను తీసుకెళ్ళాను. ఆమె మా ఆయనకు అక్క, పేరు నూకాలు. యాంగాన్ నది అవతల ట్వంటేలో కాలవ గట్టున తమలపాకు తోట చేస్తుంది. ఆకు కోసి, కట్టలు కట్టి, పడవకెక్కించడమే ఆమె ఎరిగిన ప్రయాణం.

"ఆ దేశంలో ఆకు దొరుకుద్దేటే పైడీ?" అని అడిగింది.

"దొరకదు వదినా."

"మరి ఆళ్ళు అన్నం తిన్నాక ఏటి సేత్తారు?"

తడిగుడ్డలో చుట్టిన ఆకుల మూట ఒళ్ళో పెట్టుకుని విమానం ఎక్కింది. దిగేదాకా ఆ మూట మీద నీళ్ళు చిలకరిస్తూనే ఉంది.

మాడ్రిడ్

మాడ్రిడ్‌లో ఒక్క రోజే ఉన్నాం. ఆలస్యంగా చదువుకున్నదాన్ని గనుక కనిపించిన బోర్డునల్లా కూడబలుక్కోకుండా కదలలేను. ఇనెస్ నేర్పిన ఇంగ్లీషు అక్షరాలే అక్కడి బోర్డుల మీదా ఉన్నాయి, పలికే తీరే వేరు. ఒక కాఫీకి రెండు యూరోలు. మన లెక్కలోకి మార్చుకుంటే గొంతు దిగదని ఇనెస్ ముందే చెప్పింది, అయినా మార్చుకున్నాను.

భూమి కింద నడిచే రైల్లో వదిన ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. వదిన ఎర్రటి నోరు చూసి గాభరాగా సంచిలోంచి కాగితపు రుమాలు తీసి ఇచ్చింది. రక్తం అనుకుందని ఇనెస్ చెప్పింది. వదిన ఆ రుమాలు తీసుకుని, బదులుగా ఒక ఆకు తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని వాసన చూసి, మడిచి, పర్సులో దాచుకుని దిగిపోయింది. ఆ ఆకు ఇప్పుడు ఏ ఇంట్లో ఏ పుస్తకం మధ్య ఎండుతోందో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

దక్షిణపు దారి

మర్నాడు కారులో దక్షిణానికి బయల్దేరాం. లా మంచా అనే ఆ ప్రాంతం అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఎర్రమట్టి, తెల్లరాయి, పైన ఆకాశం, అంతే. యాంగాన్‌లో ఒక్క జూలై నెలలో పడే వాన వాళ్ళకు ఏడాదికి సరిపోయి మిగులుతుంది. అందుకే తీగను తీగకు దూరంగా నాటుతారు, ఒకదాని నీళ్ళు ఒకటి తాగకుండా. పాత తోటల్లో పందిరి ఉండదు, కర్ర ఉండదు. మోకాలెత్తు మోడులు, వాటి మీద ఆకుల గొడుగు, గొడుగు నీడలో నల్లటి గెలలు.

"ఇయ్యేటి ఇలా నేలకి అతుక్కుని కూకున్నాయి? పందిరెయ్యనేదా ఎవలూ?" అంది వదిన.

"నిలబడితే గాలికి ఎండిపోతాయి, డో నూకా," అంది ఇనెస్, వదిన మాట నేను బర్మాలో చెప్పాక, తనూ బర్మాలోనే. పెద్దవాళ్ళ పేరుకు ముందు డో అనడం మా దగ్గరే నేర్చుకుంది.

బండి నడుపుతూ ఆ దేశపు తీగ కథ చెప్పుకొచ్చింది. మొదట తూర్పు సముద్రం నుంచి ఓడల వ్యాపారులు వచ్చి దక్షిణ తీరంలో తీగ నాటారట. తరవాత రోమ్ వాళ్ళు రోడ్లు వేసి, వైన్‌ను జాడీల్లో తమ ఊళ్ళకు పంపించుకున్నారట. ఆ తరవాత ఆఫ్రికా వైపు నుంచి ముస్లిం రాజులొచ్చారు. వాళ్ళకు తాగుడు కూడదు, అయినా తీగను పీకలేదు. ఎండు ద్రాక్ష చేసుకున్నారు, కొందరు చాటుగా తాగారు కూడా. వాళ్ళ తరవాత, పూజకు వైన్ కావాలి గనుక, మఠాల సన్యాసులు వాగుల వెంట, కొండవాలుల్లో తోటలు పెంచారు.

"సన్యాసులు సారా కాసీవారా? మన పొంగీలింటే సెవులు మూసుకుంటారు," అంది వదిన. బౌద్ధ సన్యాసుల్ని మేము పొంగీలంటాం.

తాతల కాలంలో పక్కనున్న ఫ్రాన్సులో వేళ్ళు తినే పురుగు పుట్టి తోటలన్నీ ఎండిపోయాయట. అక్కడి వ్యాపారులు కొండలు దాటి ఉత్తరాన రియోహా అనే చోటికి వచ్చి, చెక్క పీపాల్లో వైన్ నిలవ చేసే తమ పద్ధతిని అక్కడ పాతుకునేలా చేశారట. ఆ వెనకే పురుగూ వచ్చింది. అమెరికా తీగ వేరును ఆ పురుగు ఏమీ చేయలేదని తెలిసి, ఆ వేరు మీద తమ కొమ్మను అంటుకట్టారు. ఇప్పుడా దేశంలో దాదాపు ప్రతి తీగా పరాయి వేరు మీదే బతుకుతోంది. వదులు ఇసుకలో మాత్రం పురుగు నడవలేదు. ఇనెస్ పాత మడి అలాంటి ఇసుకలో ఉంది. దాని వేరూ కొమ్మా ఒకటే.

వదిన కిటికీలోంచి చూస్తూ, "ఏరొకలది, కొమ్మొకలది. కాయ ఎవలిదని సెప్పుకుంటారో మరి," అంది.

దారిలో ఒక తోట పీకి ఉంది. మోడులన్నీ వేళ్ళు పైకి పెట్టి గుట్టలుగా పడి ఉన్నాయి. ఇనెస్ అక్కడ బండి వేగం తగ్గించింది.

కింది ఊరు

ఇనెస్ తండ్రి పేరు ఎమీలియో. సన్నటి మనిషి, ఎండకు కాలిన మెడ, నొప్పి పెట్టే మోకాలు. మా అలవాటు కొద్దీ వదిన ఆయన్ని ఊ ఎమీలియో అంది. ఊ అంటే ఏమిటని అడిగాడు.

"పెద్ద మగవాళ్ళకిచ్చే మర్యాద," అంది ఇనెస్.

"ఈ ఇంట్లో ఆ మాట తెలిసిన మనుషులు ఇన్నాళ్ళకు వచ్చారు," అన్నాడు, కూతురి వైపు చూడకుండా.

ఇంటి కిందికి రాతిమెట్లు దిగాలి. దిగుతుంటే చెవుల్లో చప్పుడు తగ్గిపోయి నీళ్ళలో మునిగినట్టుంటుంది. వీధిలోని జాలీల్లోంచి వెలుగు పలకలుగా దిగుతుంది. ఆ వెలుగులో రెండు వరసల బానలు, ఒక్కొక్కటి మనిషికి రెండింతల ఎత్తు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళలా. నోళ్ళు అందడానికి చుట్టూ చెక్క అటక వేశారు. ఆ గుహలు తవ్వినప్పుడు మగవాళ్ళు రాయి కొడితే, మట్టి గంపలు నెత్తిన పెట్టుకుని పైకి మోసింది ఆడవాళ్ళట. ఇనెస్ నాయనమ్మ తల్లి ఆ పని చేసింది.

వదిన ఒక బానను వేలితో కొట్టి, చెవి పెట్టి విని, "మా ట్వంటే కుమ్మరులు ఇది సూత్తే సారె ఒగ్గేసి పారిపోతారు," అంది.

ఇనెస్ శుభ్రం చేసి ఉంచింది అన్నిట్లోకీ చిన్నదాన్ని. చాలా ఏళ్ళుగా ఎండిపోయి ఉన్న బాన అది.

కోత

సెప్టెంబరు పొద్దుట చలేసింది. మడి గట్టు దగ్గర వదిన చెప్పులు విడిచింది. తమలపాకు తోటలో చెప్పులతో అడుగు పెట్టరు, తీగకు అపచారం. ఇక్కడ అక్కర్లేదని ఇనెస్ చెప్పినా వినలేదు. కోతకొచ్చిన పక్క ఊరి వాళ్ళు వింతగా చూశారు. ఎమీలియో మాత్రం కారణం అడిగి, విని, తలూపాడు. ఎండెక్కేసరికి ఇసుక పెనంలా కాలింది. వదిన ఒక కాలి మీద ఒక కాలు పెట్టుకుని నిలబడింది. ముసలాయన గట్టు దాకా కుంటుకుంటూ వెళ్ళి, ఆమె చెప్పులు రెండు వేళ్ళకు తగిలించుకుని తెచ్చి, ఆమె కాళ్ళ ముందు పెట్టి, వెళ్ళి గెలలు కోసుకున్నాడు. ఆమె వేసుకుంది.

పదిన్నరకు తోటలోనే తిండి. ఒక రకం పప్పుపిండిని వెల్లుల్లి, మిరప్పొడి, నూనెతో ఉడికించి పెద్ద మూకుట్లో పెట్టారు. అచ్చం మన సంకటి మెత్తగా కలిపినట్టుంది. తినే పద్ధతి చూసి నేను చెంచా పట్టుకుని ఉండిపోయాను. అందరూ మూకుడు చుట్టూ నిలబడతారు. ఒకరు ముందుకొచ్చి ఒక చెంచా తీసుకుని వెనక్కి అడుగేస్తారు, అప్పుడు ఇంకొకరు. మా యాంగాన్‌లో ఇంటి పెద్ద కంచంలో మొదటి గరిట పడ్డాకే మిగతావాళ్ళం మొదలుపెడతాం. ఇక్కడ పెద్దా చిన్నా లేదు, అడుగు ముందుకూ వెనక్కూ వేయడమే మర్యాద.

"అందరి ఎంగిలీ ఒకే మూకుట్లోనా?" అంది వదిన నా చెవిలో. ఆకలికి ఆగలేక ఆమే ముందడుగు వేసింది. వెనక్కి రావడం మరిచిపోయింది. కోతవాళ్ళు నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

ఎండవేళ

మధ్యాహ్నానికి మడంతా కోయడం అయిపోయింది. ద్రాక్ష నింపిన పెట్టెలు ఇంటి చావట్లో నీడకు పేర్చారు. సాయంత్రం చల్లబడ్డాక కాళ్ళతో తొక్కి, రసమూ తొక్కా కలిపి బానలో పోయాలి. అప్పటిదాకా అందరూ నిద్రపోయారు. ఆ దేశంలో ఎండవేళ ఊరు ఊరంతా తలుపులేసుకుని పడుకుంటుంది. కుక్కలు కూడా మొరగవు. మాకు పగటి నిద్ర అలవాటు లేదు. చావట్లో కూర్చున్నాం.

వదిన ఒక గెల ఎత్తి చూసింది. నల్లటి పండు మీద తెల్లగా బూడిద పూసినట్టుంది.

"ఇదేటే ఇది? మందు కొట్టినారు."

నాకూ మందే అనిపించింది. మా బజార్లో ద్రాక్ష కొంటే ఉప్పునీళ్ళలో నానబెట్టి, మూడు నీళ్ళు కడిగితే గానీ పిల్లల చేతికివ్వం. ఏ కూరలో ఏ మందుందోనని యాంగాన్‌లో ప్రతి ఇల్లాలికీ భయమే.

"దుమ్ము కూడా ఉంది," అన్నాను.

"తినీదాని మీద కాళ్ళెట్టి తొక్కుతారంట. అది ఆళ్ళ ఆచారం, మనకెందుకు. కడిగైనా ఉంచుదాం. ఈ ఇనెస్ గుంట ఎంతకని సేసుకుంటాది? నిద్ర లేసీసరికి పని తీరిపోతాది."

రబ్బరు గొట్టం నేను పట్టాను. వదిన పెట్టె తరవాత పెట్టె వంచి, గెల గెలా తిప్పి కడిగింది. నీళ్ళు చల్లగా మా కాళ్ళ మీంచి పారుతుంటే ఎంత హాయిగా ఉందో. ఆఖరి పెట్టె అయ్యేసరికి చావడంతా నల్లటి గాజుపూసలు పోసినట్టు మెరిసింది.

ఇనెస్ నిద్రకళ్ళతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెట్టు మీద నెమ్మదిగా కూర్చుంది.

"అన్నీనా?" అని అడిగింది.

"అన్నీ. ఒక్క పండు వదల్లేదు," అంది వదిన సంతోషంగా.

ఎమీలియో వచ్చాడు. ఒక పండు తీసి బొటనవేలితో రుద్ది, వేలు చూసుకుని, కూతురితో ఒక మాట అని లోపలికి వెళ్ళిపోయాడు.

"యంత్రం వాడికి ఫోన్ చేయనా అని అడుగుతున్నారు," అంది ఇనెస్. అప్పుడు మాకు చెప్పింది. ఆ బూడిద మందు కాదు. రసాన్ని పులియబెట్టే జీవమంతా ఆ బూడిదలోనే ఉంటుంది. మనం పిండి పులవడానికి పాత పిండి ముద్ద కలిపినట్టు, పండు తన ముద్దను తన ఒంటి మీదే తెచ్చుకుంటుంది. దాన్ని మేము గొట్టం పెట్టి మురుక్కాలవలోకి పంపేశాం.

వదిన ముఖం చూడలేకపోయాను. ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంది, ఆరిపోయాక కూడా.

నిలిచిన దీపం

అయినా ఆ సాయంత్రం నీళ్ళు ఓడ్చి, ఇనెస్ తొక్కింది. బానలో పోసింది. మర్నాడు దాని దగ్గర చెవి పెట్టింది. చప్పుడు లేదు. ఆ మర్నాడు కొవ్వొత్తిని ఒక తీగకు కట్టి బాన నోట్లోకి దించింది. దీపం నిటారుగా, తొణక్కుండా వెలిగింది. వదిన చేతులు జోడించింది.

"దీపం నిలిసినాది సూడే. అంతా మంచే జరుగుద్ది."

"కాదు వదినా. బాన పొంగుతుంటే లోపలి గాలికి దీపం ఆరిపోవాలట."

వదిన చేతులు దించేసింది. దీపం ఆరాలని కోరుకోవలసిన చోటు కూడా లోకంలో ఉంటుందని మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆ రాగి వెలుగులో ముగ్గురం బాన చుట్టూ నిలబడ్డాం. దేవుడు పలకని గుళ్ళో నిలబడ్డట్టుంది.

పైన ఎమీలియో కోత కత్తెరలు తుడిచి నూనె రాసుకుంటున్నాడు. ఎత్తిపొడిచినా బాగుండేది.

కుమ్మరుల ఊరు

ఇంట్లో ఉండలేక ఇనెస్ మమ్మల్ని తూర్పున ఉన్న ఒక కుమ్మరుల ఊరికి తీసుకెళ్ళింది. వాళ్ళ బానలు పుట్టింది అక్కడే. ఇల్లంత ఆవములు, లోపల మసి, గోడల్లో పిచ్చుకలు. చివరి కుమ్మరి భార్య ఒక ముసలమ్మ తాళం తీసి చూపించింది. అంత పెద్ద బాన సారె మీద రాదు. తాడులా మట్టి పేని, బాన చుట్టూ నడుస్తూ ఒక వరస పెట్టాలి. అది ఆరేలోగా పక్క బానకు వెళ్ళి ఇంకో వరస. అలా ఒక గదినిండా బానలు కొంచెం కొంచెంగా, అన్నీ కలిసి పెరుగుతాయి. తన భర్త జీవితమంతా గుండ్రంగా నడిచాడంది ముసలమ్మ.

"ఇప్పుడెవరు కొంటారు?" అని అడిగాను.

"హోటళ్ళవాళ్ళు. గుమ్మం ముందు పూలమొక్కలు పెట్టుకోవడానికి."

తిరిగి వస్తుంటే దారంతా పొద్దు వాలుతూ ఉంది. ఎర్రమట్టి మీద తీగల నీడలు పొడుగ్గా సాగి, నేలంతా ఎవరో రాసిన అక్షరాల్లా ఉంది. నాకు చదవడం రాని అక్షరాలు.

"రేపు పట్నం వెళ్ళి పొడి కొంటాను," అంది ఇనెస్. "పందెం పోతే పోయింది. పండయినా కుళ్ళిపోకుండా ఉంటుంది."

వదిన ఆ రోజు ఆకు వేసుకోలేదు.

గంప

పొద్దున్నే ఇనెస్ కారు వెళ్ళిపోయింది. మేమిద్దరం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఎమీలియో చావట్లోంచి పిలిచాడు. మోకాళ్ళ దాకా ఇసుక. చేతిలో గంప. గంపలో చిన్న చిన్న గెలలు, ఆకుల చాటున కోతవాళ్ళ కత్తెరకు అందకుండా మిగిలిపోయినవి. తెల్లవారకముందే వెళ్ళి ఒక్కో తీగ కిందా వంగి ఏరుకొచ్చాడు, ఆ మోకాలితో. ప్రతి పండు మీదా బూడిద అలాగే ఉంది.

వాటిని ఒక చెక్క తొట్టిలో పోశాడు. తన మోకాలు తట్టి, తల అడ్డంగా ఊపాడు. వదిన కాళ్ళ వైపు చూపించాడు. మెట్ల కింది బాన వైపు చూపించాడు.

"ఏటంటన్నాడే?"

"నిన్ను తొక్కమంటున్నాడు వదినా."

"సచ్చినా తొక్కను. తినీ వొస్తువు."

"కడిగింది మనమే గదా."

"గొట్టం పట్టినదానివి నువ్వు కాదేటి? నువ్వు తొక్కు."

"ఆయన నీ కాళ్ళే చూపిస్తున్నాడు."

ముసలాయన ఓపిగ్గా నిలబడ్డాడు. మా మాట ఒక్కటీ ఆయనకు అర్థం కాదు, అయినా ఏ మాట దగ్గర ఉన్నామో తెలిసినట్టే ఉంది. గొట్టం తీసుకుని కుళాయి తిప్పి, వదిన కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. ఆమె సిగ్గుపడి గొట్టం లాక్కుంది. మడమలు, వేళ్ళ సందులు రుద్ది రుద్ది కడుక్కుంది. గుడ్డతో ఒత్తి తడి లేకుండా తుడుచుకుంది. వంగి ద్రాక్షను తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. కాలు తగిలినప్పుడు మనం అద్దుకుంటాం, ఆమె ముందే అద్దుకుంది.

"తప్పు కాయి తల్లీ," అని చీర మోకాళ్ళకు దోపుకుని తొట్టిలో అడుగు పెట్టింది.

మొదట బిగుసుకుపోయింది. "సల్లగా ఉన్నాది," అంది. కాసేపటికి, "పాదాల కింద పగులుతున్నాయే, వానలో కప్పల్లాగ." ఎమీలియో చెయ్యి అందించాడు, జారకుండా. ఆమె పట్టుకుంది. నలభై ఏళ్ళు తీగ దగ్గర బతికిన ఇద్దరు ముసలివాళ్ళు, ఒకరు తొట్టిలో, ఒకరు బయట, ఎండ పలక మీద అలా నెమ్మదిగా ఊగుతున్నారు. ఎరుపు ఆమె చీలమండలు దాటి పైకి ఎక్కుతోంది. తేనెటీగలు వచ్చి చుట్టూ తిరిగాయి. నేను ఉల్లిపాయల కత్తి పట్టుకునే నిలబడిపోయాను.

కారు ఆగిన చప్పుడైంది. ఇనెస్ పొడి పొట్లంతో వచ్చి చూసింది. తండ్రీ కూతుళ్ళు అనుకున్న మాటలు తరవాత ఆమే మాకు చెప్పింది.

"ఏంటిది నాన్నా?"

"మీ కోతవాళ్ళకు కళ్ళు సరిగ్గా కనపడవు. సగం తోట తీగ మీదే ఉంది."

"మరి పందెం?"

"తోట పళ్ళే. అంగడివి కావు," అని, మోకాలు పట్టుకుని వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు.

ఇనెస్ పొట్లం సొరుగులో పెట్టి మూసింది.

ఆరిన దీపం

ఆ తొట్టిని పొయ్యి పక్కన వెచ్చగా ఉంచి గుడ్డ కప్పాం. ఒక రోజు గడిచాక గుడ్డ తేలికగా లేచి ఉంది. కింద గులాబీ రంగు నురగ. ఇనెస్ దాన్ని బిందెతో మోసుకెళ్ళి బానలో పోసింది.

మర్నాడు పొద్దున అందరం కిందికి దిగాం. మూడో మెట్టు మీదే వాసన తగిలింది, మగ్గిన పండూ కొత్త రొట్టె కలిసినట్టు. ఎమీలియో అటక ఎక్కి తీగకు కొవ్వొత్తి కట్టి, వెలిగించి, బాన నోట్లోకి దించాడు. దీపం ఒకసారి నీలంగా సాగింది. చిన్నదయింది. లేదు.

"ఓలమ్మ, దీపం కొండెక్కిపోనాది," అని వదిన గుండె మీద చెయ్యేసుకుంది, అలవాటు కొద్దీ. వెంటనే గుర్తొచ్చి నోరు మూసుకుంది.

ఇనెస్ చెంపను బానకు ఆనించింది. రమ్మని మమ్మల్నీ పిలిచింది. నేను చెవి పెట్టాను. లోపల దూరంగా వాన పడుతున్న చప్పుడు. మా రేకుల కప్పు మీద జూన్ మొదట్లో పడే వాన, ఇంకా గట్టిపడని వాన. మట్టి కొంచెం వెచ్చగా ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో నాకు తెలీదు.

ముసలాయన రెండోసారి కొవ్వొత్తి వెలిగించి దించాడు. మళ్ళీ ఆరింది. మూడోసారీ దించాడు.

"నమ్మకం లేదా నాన్నా?" అంది ఇనెస్.

"అగ్గిపెట్టె చెమ్మగా ఉందేమో," అన్నాడు.

మేము బయల్దేరేదాకా తోట సంగతి ఆయన ఎత్తలేదు. వీడ్కోలుకు వీధిలోకి వచ్చి, వదిన చేతికి బాదంపప్పు పొట్లం ఇచ్చి, ఆమె కాళ్ళ వైపు చూసి నవ్వాడు. కారులో ఇనెస్‌ని అడిగాను, యంత్రం రాదు కదా అని. నాన్న ఏదీ నోటితో చెప్పరు, నాకూ తెలియదు అంది. విమానంలో వదిన రెండుసార్లు అదే అడిగింది.

మళ్ళీ సంచౌంగ్

చలికాలం వచ్చింది. యాంగాన్ చలి అంటే పొద్దున ఒక స్వెట్టరు, తొమ్మిదింటికి విప్పేయడం. వదిన ట్వంటే నుంచి బజారుకు ఆకు తెచ్చి, మా వరండాలో కట్టలు విప్పుకుంటోంది. వీధిలో మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, అమ్మే బండివాడు గిన్నెలు కడుగుతున్నాడు. ఫోన్ మోగింది. ఇనెస్.

తెర నిండా పొగమంచు. ఆకు ఒక్కటి లేని నల్లటి మోడులు. ఇనెస్ చేతిలో కత్తెర, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. వైన్ తేరుకుంటోందని, వేసవికి తాగొచ్చని చెప్పింది. ఆమె వెనక ఎవరో ఆగకుండా అరుస్తున్నారు.

"ఎవరది?" అన్నాను.

"నాన్న. పొద్దుట్నించీ ఇదే."

"ఏమంటున్నారు?"

"కొమ్మకు రెండు చిగురు కళ్ళు ఉంచి కోయమంటే మూడు ఉంచుతున్నానట. ఇలా కోస్తే పదేళ్ళకు ఈ తోట ముసలిదై కూర్చుంటుందట. నాకు చేతులు పనిచెయ్యవట."

వదిన కట్ట కట్టడం ఆపి, తలెత్తి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఒలే గుంటా," అంది తెలుగులోనే, ఇనెస్‌కు అర్థం కాదని మరిచిపోయి. "పదేళ్ళన్నాడా? మళ్ళీ అడుగు. పదేళ్ళనే అన్నాడా?"